ప్రక్క గదిలోని తల్లి

భాషాచరిత్రలు వ్రాయువారు పుస్తకములను లెక్కింతురు. ఏ వ్యాకరణము ఏ యేట అచ్చైనది, ఏ నిఘంటువునకు ఎవరు సహాయపడినారు, ఏ ముద్రాలయములో మొదట తెలుగు అక్షరములు పోత పోసినారు అను విషయములు మన సాహిత్యచరిత్రలలో విపులముగనే ఉన్నవి. కాని ఆ పుస్తకములు వ్రాసిన ఇండ్లలో ఆ దినములలో ఏమి జరుగుచుండెనో చెప్పిన పుటలు తక్కువ. మిషనరీల తెలుగు సేవను గురించి మనము చాలకాలముగా వ్రాయుచున్నాము. ఆ మిషనరీల ఇండ్లలో బిడ్డను కని, కన్నవారికి వేల మైళ్ల దూరమున, ఎరుగని భాషల నడుమ ఆ బిడ్డను బ్రతికించుకొనుటకు పాటుపడిన బాలింతలను గురించి వ్రాయలేదు. వారిని తలచుకొనకుండ ఆ పుస్తకముల వెల మనకు తెలియదని చెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఈ చూపు నాకు గ్రంథాలయములో కలిగినది కాదు. మా ఇంటిలో కలిగినది. నేను బిష్టుపూర్‌లో పుట్టినాను. మన ఆచారము ప్రకారము తొలికాన్పు పుట్టింట జరుగవలెను. మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళము ప్రాంతము. ఆ ఏడు అమ్మమ్మ మంచము పట్టియుండుట వలన అమ్మను తీసికొనిపోవువారు లేకపోయిరి. ఉక్కు కర్మాగారములో నౌకరి చేయుచున్న మా నాన్నగారికి సెలవు దొరకలేదు. ఖరగ్‌పూర్‌లో బండి మారి పోవలసిన ఆ ప్రయాణము నెలలు నిండిన మనిషి ఒంటరిగా చేయదగినది కాదు. ఆ విధముగ తొలిచూలు మనిషి, ఇరువదియేండ్లదియైన లేదు, అప్పటి బీహారు రాష్ట్రములోని ఈ ఊరిలో, రెండు గదుల క్వార్టరులో పురుడు పోసికొనవలసి వచ్చినది.

ప్రక్క ఇంటి బెంగాలీ ఇల్లాలిని మేము నేటికిని మాసీమా అనియే తలచుకొందుము. ఆమెయే ఆ రాత్రి మా ఇంటికి తల్లి. ఆమె పొయ్యి వద్ద నిలిచి "జోల్, జోల్" అని కేక వేయుచుండగా, ఇంకను పుట్టని బిడ్డకు ఈమె జోల పాడుమనుచున్నదేమి అని మా అమ్మ ఆ నొప్పులలోనే ఆశ్చర్యపడినదట. జోల్ అనగా నీళ్లని తరువాత తెలిసినది. మా అమ్మ నేర్చిన మొదటి బెంగాలీ మాట అదియే. బెంగాలీ నుండి తెలుగునకు అనువాదములు చేయుచు ముప్పది సంవత్సరములు గడపిన నాకు, మా ఇంటిలో ఆ భాషకు తొలి పాఠశాల పురిటిగది అని తెలియుట చాల ఆలస్యముగ జరిగినది.

ఆ తరువాతనే నేను శ్రీరాంపూరు చరిత్రను మరల చదివినాను. శ్రీరాంపూరు మాకు దూరము కాదు. టాటానగర్‌లో బండి ఎక్కి హౌరాలో దిగిన, అక్కడికి హుగ్లీ గట్టు వెంబడి ఉత్తరముగా ఇరువది కిలోమీటర్లు. 1845 వరకు డేనిష్ వారి ఏలుబడిలోనుండిన ఆ చిన్న పట్టణమునకు తెలుగు సాహిత్యచరిత్రలో స్థానము కలదు. విలియం కేరీ రచించిన తెలుగు వ్యాకరణము 1814లో అక్కడ అచ్చైనది. విశాఖపట్టణమున లండన్ మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అనువారలు ఆనందరాయరు సహాయముతో తెనిగించిన సువార్తలు 1812లో అక్కడనే అచ్చైనవి. అప్పటికి క్రానును డి గ్రాంజును కాలధర్మము నొందియుండిరి. తమ పని అచ్చులో చూచుకొను భాగ్యము వారికి లేకపోయినది. 1818లో తెలుగు క్రొత్తనిబంధన ఆ ముద్రాలయము నుండియే వెలువడినది. 1812 మార్చి నెలలో ఆ ముద్రాలయము తగులబడినప్పుడు కేరీ తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కూడ బూడిదయైనది. మరల మొదటినుండి వ్రాసిన ఆ మనుష్యుని పట్టుదలను మన చరిత్రకారులు మెచ్చుకొన్నారు. మెచ్చదగినదే.

అయితే ఆ ఇంటి ప్రక్క గదిలో ఎవరుండిరో ఇప్పుడు చూతము.

కేరీ భార్య పేరు డొరొతీ. ఇంగ్లండులో నార్తాంప్టన్ మండలమునందలి పిడింగ్టన్ అను పల్లెటూరిలో 1756లో పుట్టినది. 1781లో వివాహము. అప్పటికి వరునకు పందొమ్మిదేండ్లు, వధువునకు ఇరువదియైదు. వరుడు చెప్పులు కుట్టు పని నేర్చినవాడు. వధువు అక్షరము నేర్చినది కాదు. వివాహ పట్టికలో సంతకమునకు బదులు గీటు పెట్టినది. తొలిబిడ్డ ఆన్ రెండవయేట జ్వరముతో పోయినది. తరువాత ఫీలిక్సు, విలియం, పీటరు అను ముగ్గురు మగపిల్లలు నిలిచినారు. లూసీ అను ఆడుబిడ్డ మరల పసితనముననే పోయినది. ఇంగ్లండు విడుచుటకు ముందే డొరొతీ ఇద్దరు కూతుళ్లను మట్టిలో పెట్టిన తల్లి.

1793 తొలినెలలలో కేరీ హిందూదేశమునకు పోవ నిశ్చయించినాడు. భార్య గర్భవతి. ఆమె రానన్నది. ఒక స్త్రీ నిండుచూలుతో, ముగ్గురు పిల్లలతో, ఐదారు నెలల సముద్రప్రయాణమునకు ఒప్పుకొనలేదనుటలో ఆశ్చర్యము లేదు. కేరీ పెద్దకుమారుని మాత్రము వెంటబెట్టుకొని ఓడ ఎక్కినాడు. ఈస్టిండియా కంపెనీ అనుమతిపత్రము లేకపోవుట, తోడి మిషనరీ జాన్ థామస్ అప్పులవారి గొడవ, ఈ కారణములచే కప్తాను వారిని తీరమునందే దింపివేసినాడు. ఆ ఆలస్యములో డొరొతీ ప్రసవించినది. మే నెల మొదట పుట్టిన మగబిడ్డకు జేబెజ్ అని పేరు పెట్టినారు.

వేరొక ఓడ దొరకినది. అది డేనిష్ ఓడ. కేరీయు థామసును పిడింగ్టన్‌కు పరుగెత్తినారు. ఆమె మరల కాదన్నది. వారు తిరుగుముఖము పట్టిన తరువాత థామసు ఒక్కడే వెనుకకు వచ్చి, ఇప్పుడు రానిచో కుటుంబము శాశ్వతముగ చీలిపోవునని, జీవితమంతయు పశ్చాత్తాపపడవలసి వచ్చునని ఆమెను భయపెట్టి ఒప్పించినాడు. చెల్లెలు కేథరిన్ తోడు వచ్చినచో వత్తునన్నది. చెల్లెలు ఒప్పుకొన్నది. ఇంటి సామానులో అమ్మదగినది అమ్మి, మూటలు కట్టుకొని, ఒకటి రెండు దినములలో బయలుదేరినారు. 1793 జూన్ 13వ తేదీన ఓడ కదలినప్పుడు చంకలోని బిడ్డకు నెల పైచిలుకు వయస్సు.

మన ఇండ్లలో ఈ వయస్సు బిడ్డకును తల్లికిని ఏమి జరుగునో చదువరులకు చెప్పనక్కరలేదు. కాన్పు ఆడుదానికి పునర్జన్మ అందురు. బాలింతకు చలిగాలి తగులనీయరు. కాయము తినిపింతురు, నీళ్లు కాచి పోయుదురు, సాంబ్రాణి పొగ వేయుదురు, ఇరువదియొకటవ దినమున బారసాల చేసి ఊయలలో వేయుదురు. మూడవ నెల వచ్చువరకు పుట్టిల్లు కదలనీయరు. ఇంగ్లండు పల్లెలలోను బాలింతను కొన్ని వారములు గదిలోనుంచి ఇరుగుపొరుగు స్త్రీలు కనిపెట్టుకొనియుండు ఆచారము ఉండెడిది. డొరొతీ ఆ కాపుదలను విడిచి ఓడ ఎక్కినది. కలకత్తా చేరునప్పటికి నవంబరు. బిడ్డ ఆరవ నెలలో ఉన్నాడు.

అక్కడినుండి ఆమె కథ ఒక ఇంటినుండి మరియొక ఇంటికి సాగినది. థామసు చేతిలోని సొమ్ము కొలదినెలలలో కరగిపోయినది. ఈ కుటుంబము బండేలునకు పోయి, తిరిగి కలకత్తాకు వచ్చి, ఊరి వెలుపల ఒక ధనికుని తోటయింటిలో తలదాచుకొని, 1794 ఆరంభమున సుందరవనముల అంచునకు పడవలో పోయినది. డొరొతీయు పెద్దపిల్లవాడును రక్తగ్రహణితో బాధపడినారు. రొట్టె దొరకదని ఆమెయు చెల్లెలును సణిగినట్లు కేరీ దినచర్యను చదివినవారు చెప్పుదురు. వారిని గూర్చి కొందరు చరిత్రకారులు చిన్నచూపుతో వ్రాసినారు. పాలిచ్చుచున్న తల్లి, నెత్తురు పోవుచున్న కడుపుతో, తనకు అలవాటైన తిండి అడుగుట సణుగుడా? మన పత్యపు కూడు దొరకని ఊరిలో మన ఆడుబిడ్డ బాలింతయై ఉన్నచో మనమేమందుము?

సుందరవనముల వద్ద వారికి ఆశ్రయమిచ్చినవాడు ఉప్పు శాఖలో ఉద్యోగి, చార్లెస్ షార్టు అనువాడు. కేథరిన్ అతనిని వివాహమాడి అక్కడనే నిలిచిపోయినది. డొరొతీ ఏ తోడు మీద ఒప్పుకొని సముద్రము దాటినదో ఆ తోడు అక్కడితో తీరినది. కేరీ మాల్దా ప్రాంతములోని ముద్నాబాటిలో నీలిమందు కర్మాగారమునకు పర్యవేక్షకుడుగా కుదిరినాడు. ఆ 1794 అక్టోబరులో ఐదేండ్ల పీటరు జ్వరగ్రహణులచే చనిపోయినాడు.

ఆ బిడ్డను పూడ్చిన వృత్తాంతము చదువుటకు కష్టముగానుండును. పెట్టె చేయుటకు వడ్రంగి రాలేదు. మోయుటకు మనుష్యులు రాలేదు. శవమును తాకినచో కులము పోవునను భయము. తండ్రియు జబ్బుపడియున్నాడు. తుదకు నలుగురు ముస్లిములు వచ్చి గుంట త్రవ్వినారు. వారిని కూడ తరువాత ఊరివారు బాధపెట్టినారు. మిషనరీలు మన దేశాచారములను నిందించినప్పుడు మనకు కోపము వచ్చును. వారు నిందించిన తీరులో అజ్ఞానమును గర్వమును లేకపోలేదు. కాని బిడ్డ శవమును ఒడిలో పెట్టుకొనియున్న తల్లి గుమ్మము ఎక్కుటకు ఊరు వెనుదీసిన ఆ దినమును మాత్రము మనము కూడ లెక్కలో వ్రాసికొనవలెను.

1795 నాటికి డొరొతీకి మతి చలించినది. భర్త పరస్త్రీల వెంట పోవుచున్నాడను అనుమానము ఆమెను పట్టినది. అతనిని వీధులలో వెంబడించి నిందించినది. ప్రాణము తీయబోయినది కూడ. ఆ దశలోనే 1796 జనవరిలో జోనతను అను మరియొక కుమారుని కన్నది. ఆ జబ్బు ఏమని ఇప్పటి వైద్యశాస్త్రము పేరు పెట్టునో దూరమునుండి చెప్పుట తగదు. ప్రసవానంతరము కొందరు తల్లులకు మనస్సు చెదరునని, శోకము, నిద్రలేమి, ఒంటరితనము దానిని పెంచునని నేడు వైద్యులెల్లరు ఎరుగుదురు. నాడు ఎరుగరు. ఆమెను పిచ్చివారి ఆశ్రమమునకు పంపుమని సలహా చెప్పినవారికి కేరీ ఒప్పుకొనలేదు. ఇంటిలోనే ఒక గదిలోనుంచి తలుపు మూయవలసి వచ్చినది. 1800 జనవరిలో కుటుంబము శ్రీరాంపూరు చేరినది. ఆమె 1807 డిసెంబరు 8వ తేదీన మరణించువరకు, ఇంచుమించు పండ్రెండేండ్లు, ఆ స్థితి మారలేదు.

ప్రక్క గదిలో భార్య కేకలు వినబడుచుండగా కేరీ అనువాదములు సాగించినాడని ఆ ఇంటిని ఎరిగిన జాన్ క్లార్క్ మార్ష్‌మన్ వ్రాసినాడు. జీవితచరిత్రకారులు ఈ సంగతిని కేరీ ధైర్యమునకు నిదర్శనముగ చూపుట పరిపాటి. ధైర్యమే, సందేహము లేదు. కాని అదే వాక్యమును గోడకు ఆవలినుండి చదివి చూడుడు. ఇవతల ఒక మనిషి ఇతర జాతుల వారి భాషలలో మాట కలుపుటకు పగలు రాత్రి శ్రమించుచున్నాడు. అవతల అతని భార్య తనతో మాట కలుపగల మనిషి లేక కేకలు వేయుచున్నది. రెండును ఒకే ఇంటిలో, ఒకే కాలములో. డొరొతీ పేర విడిగా ఒక సమగ్రమైన జీవితచరిత్ర వెలువడుటకు 1992 వరకు, జేమ్స్ బెక్ గ్రంథము వచ్చువరకు, ఆగవలసి వచ్చినది.

ఆమె పిల్లలను పెంచినవారెవరు? ఎక్కువ భారము హానా మార్ష్‌మన్ మీద పడినది. శ్రీరాంపూరు మిషనులో అందరికి ఒకే వంట, ఒకే బల్ల. హానా పండ్రెండుగురిని కని, వారిలో పలువురిని పోగొట్టుకొన్న తల్లి. 1800లోనే బాలబాలికలకు పాఠశాలలు తెరచి, వాటి రాబడితో మిషను సంసారము నడచుటకు తోడ్పడినది. తల్లి గదిలో మూతపడియుండగా వీధినపడిన కేరీ పిల్లలకు అన్నమును అదుపును ఇచ్చినదామె. ఆ ముద్రాలయము నిలిచినదనగా ఆమె సంపాదనయు, ఆమె చాకిరియు ఆ పునాదిలో ఉన్నవి.

ఇప్పుడు మన తెలుగువారికి మిక్కిలి సన్నిహితమైన మరియొక ఊయలను చూపవలసియున్నది. అది ఎంతో దూరములో లేదు. కేరీ ఇంటినుండి నడచిపోగల దూరములో, హుగ్లీ ఒడ్డుననే, ఆల్డీన్ అను తోటయిల్లు. 1803లో దానిని కొన్నవాడు డేవిడ్ బ్రౌన్. కంపెనీవారి చాప్లెయిను, ఫోర్టు విలియం కళాశాలకు ప్రోవోస్టు, మిషను పనికి ఆప్తుడు. ఇతడు 1786లో అనాథ బాలల ఆశ్రమమును నడపుటకై కలకత్తా వచ్చినాడు. మొదటి భార్య 1794లో పోయినది. రెండవ భార్య ఫ్రాన్సిస్ కౌలీ. వారికి 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో పుట్టిన బిడ్డయే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌను దొర వేమనను వెదకి తెచ్చినాడు, తాళపత్రములను కాపాడినాడు, నిఘంటువులు కూర్చినాడు అని మనమందరము చదివినదే. ఆయనను మనము కడపవానిగా తలంతుము. ఆయన వంగదేశములో ఒక మతాచార్యుని గడపలో పుట్టి పెరిగినవాడని తలచుట అరుదు. అక్కడ ఆయన తెలుగు వినలేదు. 1817లో చెన్నపట్టణము చేరిన పిదపనే వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చినాడు. కాని పలు భాషలు ఒకే ఇంటిలో వినబడుట ఆయనకు వింత కాదు. తండ్రి పిల్లలకు హీబ్రూ, అరబ్బీ, పారసీ, హిందూస్థానీ చెప్పించినాడు. ఆ దేశపు వేడిమిలో అంత పెద్ద సంసారమును పెంచినది ఫ్రాన్సిస్. డొరొతీ వలె ఆమె మనస్సు చెదరలేదు, బిడ్డలు ఎదిగినారు. ఇరువురు తల్లులు ఒకే గట్టున కాపురముండిరి. ఒకరి యింట భాగ్యమును పరిచయమును నౌకరులును ఉండిరి. రెండవవారు రాక పూర్వమే అలసిపోయిరి. బాలింతకు దేశము పరదేశమగుట ఒక్కటే కారణము కాదు, ఆ దేశములో ఆమెకు ఆసరా ఉన్నదా లేదా అనునదే ముఖ్యమని ఈ రెండు ఇండ్లు చెప్పుచున్నవి.

ఫ్రాన్సిస్‌కును పరీక్ష తప్పలేదు. 1812 జూన్‌లో డేవిడ్ బ్రౌన్ మరణించినాడు. ఆమె పిల్లలను వెంటబెట్టుకొని ఇంగ్లండునకు మరలినది. చార్లెస్‌కు అప్పుడు పదుమూడేండ్లు. ఐదేండ్లలో అతడు కంపెనీ కొలువునకు చెన్నపట్టణము చేరినాడు. నడుమ ఆ కుటుంబమును నిలుపుకొన్న తల్లి లేనిచో మన వేమన చరిత్ర ఎట్లుండెడిదో ఊహించుట నా పని కాదు. ఆమె పేరు మాత్రము మన పాఠ్యపుస్తకములలో ఉండదగినది.

ఆ 1812వ సంవత్సరము నిజముగ విచిత్రమైనది. మార్చిలో ముద్రాలయము తగులబడినది. జూన్‌లో బ్రౌను తండ్రి పోయినాడు. ఆ నెలలోనే అమెరికానుండి తొలి మిషనరీలు కలకత్తాలో దిగినారు. వారిలో ఇద్దరు క్రొత్తగా పెండ్లియైన యువతులు: ఆన్ జడ్సన్, హ్యారియట్ న్యూయెల్. కంపెనీ ప్రభుత్వము వారిని దేశములో నిలువనీయలేదు. గర్భవతియైన హ్యారియట్ భర్తతో మారిషస్‌కు ఓడ ఎక్కినది. నడిసముద్రములో నెలలు నిండకయే ఆడుబిడ్డను కన్నది. బిడ్డ ఐదు దినములు బ్రతికినది. 1812 నవంబరు 30న, మారిషస్‌లో తల్లియు కన్నుమూసినది. ఆమె వయస్సు పందొమ్మిది.

ఆన్ జడ్సన్ బర్మాకు పోయినది. దారిలో పుట్టిన మొదటి బిడ్డ ప్రాణముతో పుట్టలేదు. రెండవవాడు ఎనిమిది నెలలకు పోయినాడు. 1824లో ఆంగ్లేయులకును బర్మావారికిని యుద్ధము రాగా భర్త ఆవా నగరమున చెరసాల పాలైనాడు. 1825 జనవరిలో ఆమె ఆడుపిల్లను కన్నది. పసిబిడ్డనెత్తుకొని, భర్తను త్రోసిన చెరసాలల వెంట తిరిగినది. ఊంగ్‌పెన్‌లా అను పల్లెలో ఆమె జబ్బుపడగా పాలు ఇంకిపోయినవి. కావలివారికి లంచమిచ్చి అనుమతి తీసికొన్న పిదప, కాళ్లకు సంకెళ్లతో జడ్సను బిడ్డనెత్తుకొని ఊరిలోని పాలిచ్చు తల్లుల ఇంటింటికి తిరిగి, పాలు బిచ్చమెత్తినాడు. ఆ బర్మా తల్లులు ఇచ్చినారు. వారి రాజు ఇతనిని శత్రువుల వేగులవాడన్నాడు. వారు మాత్రము ఏడ్చు బిడ్డను చూచినారు. ఆన్ 1826లోను, ఆ బిడ్డ 1827లోను గతించినారు. జడ్సను బర్మీ బైబిలును, ఆయన నిఘంటువును మెచ్చుకొను పండితులు ఆ పల్లె తల్లుల పేరులు ఎరుగరు. ఎరుగుట సాధ్యము కాదు, వ్రాసినవారు లేరు.

తెలుగుదేశమునకు వత్తము. అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే 1836లో భార్యతో విశాఖపట్టణము చేరినాడు. శ్రీకాకుళము, చెన్నపట్టణము తిరిగి 1840లో నెల్లూరులో స్థిరపడినాడు. ఆరోగ్యము చెడి 1846లో కుటుంబము అమెరికాకు మరలినది. 1848లో అతడు మరల నెల్లూరునకు ఓడ ఎక్కినప్పుడు వెంట లైమన్ జూయెట్ దంపతులు ఉన్నారు. డే భార్యయు పిల్లలును మాత్రము లేరు. వారిని స్వదేశమునందే విడిచి వచ్చినాడు. మిషను చరిత్రలో ఇది ఒక చిన్న వాక్యము. ఆ ఇంటిలో అది కొన్ని సంవత్సరముల జీవితము.

ఆ కాలపు మిషనరీ తల్లికి రెండు విధముల బిడ్డ దూరమగుచుండెడివాడు. ఒకటి మరణము. రెండవది చదువు. బిడ్డ ఆరేడేండ్లవాడు కాగానే వానిని స్వదేశమునకు పంపుట పరిపాటిగ నుండెను. ఈ దేశపు ఎండలు పడవని, ఇక్కడ తగిన బడులు లేవని కారణములు. ఆయా ఒడిలో మాటలు నేర్చి, తల్లికంటె చక్కగ దేశభాష పలుకగల బిడ్డ ఓడ ఎక్కి, ఆ భాషను కొన్ని నెలలలో మరచిపోవును. మరల తల్లిని చూచునప్పటికి ఆమె ముఖమును కూడ మరచియుండును. మధుర అమెరికన్ మిషనువారు తమలో పలువురిని వ్యాధులకు కోలుపోయి, 1845లో కొడైకెనాలు కొండమీద తొలి బంగళాలు కట్టుకొన్నారు. అక్కడ 1901లో మిషనరీల పిల్లలకై పాఠశాల ఏర్పడినది. ఆ కొండయూరి అందమును చూచి వచ్చు యాత్రికులలో, అది పసిబిడ్డలను కాపాడుకొనుటకు తల్లిదండ్రులు వెదకుకొన్న చోటని ఎందరికి తెలియునో!

ఈ చరిత్రలో మరియొక స్త్రీ కలదు. ఆమె ఆయా. తెల్ల బిడ్డను ఎత్తుకొనుటకు వచ్చిన ఆమెకు ఇంటివద్ద తన బిడ్డ ఉండియుండవచ్చును. పాలిచ్చు దాదియైనచో తప్పక ఉండియుండును. ఆ బిడ్డ పాలలో పాలు పంచియే ఆమె జీతము తెచ్చుకొన్నది. దొరసాని దుఃఖమునకు ఉత్తరములు సాక్ష్యము. ఈమె దుఃఖమునకు అదియును లేదు. పరదేశపు బాలింతను గురించి వ్రాయుచు ఈమెను మరచిన, ఒక మూతపడిన గదిని తెరచి వేరొక గదిని మూసినట్లగును.

భాష విషయములో ఈమె గురువు. దొర పండితుని పిలిపించుకొని సంధులు సమాసములు నేర్చును. దొరసానికి అంత వ్యవధి లేదు. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి నీళ్లు, గుడ్డ, పాలు, దీపము అను మాటలు కావలెను, అప్పటికప్పుడు కావలెను. పలికినది తప్పైనను ఎదుటి స్త్రీ గ్రహించి తెచ్చును. బ్రౌను నిఘంటువు తెరచి చూడుడు. ప్రబంధములలోని మాటల ప్రక్కనే ఉగ్గు, జోల, పురుడు వంటి ఇంటి మాటలు ఆంగ్లార్థములతో కూర్చుండియున్నవి. ఆ మాటలను కావ్యములు కాపాడలేదు. తరతరముల బాలింతలును, వారికి నీళ్లు కాచిన స్త్రీలును కాపాడినారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. మతము మార్చుటకు వచ్చినవారి కష్టములను మనమేల తలకెత్తుకొనవలెను అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. వచ్చినవారు ఏ రాజ్యపు నీడలో వచ్చినారో, మన దేవతలను ఏమన్నారో మరువనక్కరలేదు. నేను అడుగునది జాలి కాదు, లెక్క. డొరొతీ మతము మార్చుటకు రాలేదు. నెలబిడ్డతో, చెల్లెలు చేయి పట్టుకొని, కుటుంబము చీలకుండుటకు వచ్చినది. కార్యము గొప్పదైనప్పుడు దాని మూల్యమును ఎవరు చెల్లించినారని అడుగుట చరిత్రకారుని ధర్మము. తాను కోరని కార్యమునకు మూల్యము చెల్లించినవారి పేరు ముందుగ వ్రాయవలెను.

కాలము మారినది. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరు 1883లో దిగి, 1898లో స్త్రీలకు శిశువులకు ఆసుపత్రి తెరచునప్పటికి, మిషనరీ స్త్రీ తన ఊయలను దాటి తెలుగు తల్లుల మంచము ప్రక్కకు వచ్చినది. ఇప్పుడు పరదేశపు బాలింతలు మన ఇండ్లనుండియే పోవుచున్నారు. మా బిష్టుపూర్ తెలుగు కుటుంబములలోని ఆడుపిల్లలు టెక్సాసులోను, మెల్‌బోర్నులోను కాన్పులకు సిద్ధపడుచుండగా, తల్లులు కాయపు పొడి సీసాలలో కట్టుకొని వీసా గడువు లెక్కపెట్టుకొనుచు విమానము ఎక్కుచున్నారు. గడువు తీరి తల్లి తిరిగి వచ్చిన దినమున ఆ పిల్ల గది ఎట్లుండునో ఒకసారి ఫోనులో విన్నవారికి డొరొతీ దూరపు మనిషి కాదు.

మాసీమా నాలుగేండ్ల క్రిందట పోయినది. చివరి దినములలో మా అమ్మ ఆమె మంచము వద్ద కూర్చుండి చెంచాతో నీళ్లు పోయుచు, "జోల్, దీదీ" అన్నది. ఏబది యేండ్ల క్రిందటి మాట.

శ్రీరాంపూరు ముద్రాలయము నలుబదికి చేరువగ భాషలలో పుస్తకములు వెలువరించినది. ఆ ముద్రాలయమునకు మూలపురుషుడైన వాని భార్య పిడింగ్టన్ చర్చి పట్టికలో పేరు వ్రాయరాక గీటు పెట్టినది. మన సాహిత్యచరిత్రలలో 1814 నాటి తెలుగు వ్యాకరణమును గూర్చి వ్రాయు చోట, ఇకమీద ఒక్క వాక్యము చేర్పుడని తోటి రచయితలను కోరుచున్నాను: ఆ పుస్తకము వ్రాసినవాని ఇంట డొరొతీ అను తల్లి ఉండెనని, ఆమె ఏడుగురిని కని ముగ్గురిని మట్టిపాలు చేసికొన్నదని, ఆమె పలుకు వినుటకు ఆ ఇంట తీరిక చిక్కలేదని.